ఆ గొంతు సామ్యేలు గారిది కాదు

నిన్న పొద్దున కంచరపాలెంలో సిటీ బస్సెక్కాను. ముందు సీట్లో ఎవరో ఫోన్ చూస్తున్నారు. అందులోంచి సామ్యేలు గారి గొంతు, కాస్త బొంగురుగా, మాట చివర సాగదీస్తూ: "ఈరోజే ఆఖరు." నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన పోయి ఏడాది దాటింది. బతికుండగా ఆ మాట అనడానికి ఒప్పుకోని మనిషి చేత, పోయాక కూడా అబద్ధాలు చెప్పిస్తున్నారు. వాళ్ల నోళ్లు పడిపోను.

ఆయన ఆటోకు మైకు కట్టుకొని వీధివీధీ తిరిగి బట్టల కొట్ల అమ్మకాలు, చర్చి సభలు, కుళాయి నీళ్లు రాని రోజులు చెప్పేవారు. నేను ఒక బట్టల దుకాణంలో ప్రచారం రాసే ఉద్యోగంలో చేరినప్పుడు, నా మొదటి కాగితం ఆయన చేతికే వెళ్లింది. అందులో 'ఈరోజే ఆఖరు, త్వరపడండి' అని రాశాను. కళ్లజోడు సర్దుకొని, నిజంగా ఆఖరేనా అని అడిగారు. ఏమో, అలా రాస్తే జనం వస్తారు కదా అన్నాను. నా చేత ఓనరుకు ఫోన్ చేయించారు. ఆదివారం దాకా ఉంటుందిలే అని ఓనరు నవ్వాడు. ఆయన నా పెన్ను తీసుకొని ఆ వాక్యం కొట్టేశారు.

"పరవాడ కంపెనీల్లో డ్యూటీ సేసేవోడు సెలవెట్టి పెళ్లాం పిల్లల్ని తీసుకొత్తాడమ్మా. రేపు కూడా ఉందని తెలిత్తే కొట్టుని తిట్టడు, నన్ను తిడతాడు. గొంతు నాది కదా."

రెండేళ్లపాటు ఆయన కొట్టివేతలతోనే రాయడం నేర్చుకున్నాను. చీర బాగుంది అంటే చాలదనేవారు. ఎక్కడి నేతో, ఉతికితే రంగు పోతుందో లేదో చెప్పమనేవారు. పోయేదైతే పోతుందనే మైకులో చెప్పేవారు. ఓనరు తల పట్టుకునేవాడు. విచిత్రం, ఆ చీరలూ అమ్ముడయ్యేవి.

తరవాత ప్రచారమంతా ఫోన్లలోకి పోయింది. ఆయన గొంతంటే జనానికి ఇష్టమని నేనే ఆయన చేత నాలుగు రీల్స్ చేయించాను. ఆ పైన యాప్‌లో కొత్త ఫీచర్ వచ్చింది. ఒక గొంతు ఎక్కిస్తే చాలు, మనం టైపు చేసిందల్లా ఆ గొంతే చెబుతుంది. పక్కన గడియారం వెనక్కి పరిగెడుతుంది, సున్నాకు రాగానే మళ్లీ మొదలు. ఆ రీల్స్‌లోని గొంతు ఎక్కించే ముందు మా దుకాణం మేనేజరు ఆయన్ని ఒక్క మాట అడిగితే ఒట్టు. రోజూ 'ఈరోజే ఆఖరు' అనే టైపు చేశాడు. కామెంట్లు, షేర్లు పెరిగాయి. ఎంగేజ్‌మెంట్ అదిరిందని మీటింగులో చప్పట్లు. నేనూ కొట్టాను, సిగ్గులేకుండా.

మూడో వారం సామ్యేలు గారు ఆఫీసుకొచ్చారు. రొయ్యల కంపెనీలో పనిచేసే ఒకావిడ చర్చి గుమ్మంలోనే ఆయన్ని నిలదీసిందట. నీ మాట నమ్మి పని మానుకొని పరిగెత్తాను, ఈ వయసులో నీకిదేం బుద్ధి అందట. ఆయనది బటన్ల ఫోను. అప్పటిదాకా ఆయనకు సంగతే తెలియదు.

"నాను అనలేదు కదమ్మా," అన్నారు నాతో.

మేనేజరు కూల్‌డ్రింక్ తెప్పించి, ఫేమస్ అయిపోయారు, సంతోషించండి అన్నాడు. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

మర్నాడు ఆటో తీసుకొని కంచరపాలెం వీధులన్నీ తిరిగారు. "నాను సామ్యేలుని. ఫోన్లో ఆఖరి రోజంతన్న గొంతు నాది కాదు. నమ్మకండి." పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇదే. జనం కొత్త రకం యాడ్ అనుకున్నారు. నవ్వుతూ వీడియోలు తీశారు. వాటికి లైకులే లైకులు. మేనేజరు ఎగిరి గంతేసి, ఆ వీడియో కింద ఆఫర్ రాసి మన పేజీలో పెట్టమన్నాడు. పెట్టాను. ఉద్యోగం పోతుందన్న భయం తప్ప నా దగ్గర వేరే సాకు లేదు.

సాయంత్రం, మా పేజీలో పెట్టిన సంగతి ఎవరో చెబితే, ఆయన ఫోన్ చేశారు. అరిచి అరిచి గొంతు పోయింది, గాలే వస్తోంది.

"నువ్వు కూడా యాడే అనుకున్నావేటమ్మా?"

కాదు బాబాయ్ అన్నాను. అంటే తెలిసే పెట్టానని ఆయనకు అర్థమైంది. ఆ తరవాత ఆయన మైకు పట్టలేదు.

నేను అక్కడ మానేశాను. వేరే చోట ఇప్పటికీ ప్రచారమే రాస్తున్నాను. ఎవరి గొంతు వాడాలన్నా, ఆ మనిషి ఎదుట కూర్చొని ప్రతి మాటా చదివి వినిపించి, సరేనంటేనే పెడతాను. ఇన్ని ఫీచర్లుండగా ఈ చాదస్తమేంటని పైవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆయన గొంతు తీసేయమని పాత దుకాణానికి ఎన్నిసార్లు రాసినా క్షణంలో జవాబొస్తుంది, గుండె బొమ్మతో: మీ అభిమానానికి ధన్యవాదాలు. వాళ్ల మీద కోపం అరిస్తే తీరుతుంది. నా మీద నాకున్నది తీరదు. ఆ సాయంత్రం ఆయన నన్ను తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.