బావ వెనక్కి జరిపిన చెక్క

ధర్మవరంలో రైలు గేటుకు ఇవతల నాది బండ్లు బాగుచేసే అంగడి. పంక్చర్లు వేస్తాను, మోపెడ్లూ స్కూటర్లూ విప్పుతాను, ఎవరైనా తెస్తే సైకిళ్ళూ చూస్తాను. వచ్చేవాళ్ళలో సగం మందిది ఒకటే ఫిర్యాదు, బండి పెట్రోలు తాగేస్తోందని. టైర్లలో గాలి ఎప్పుడు పట్టించావయ్యా అంటే గుర్తుండదు. గేటు పడితే రైలు పోయేదాకా ఇంజను ఆపరు. సందు చివర కొత్తిమీర కట్ట తేవడానికి కూడా బండి తీస్తారు. ఇవన్నీ మానుకోండి నాయనా అని రోజూ చెబుతాను. అందరూ నా మాట వింటే నా అంగడి మూతపడుతుంది గానీ, ఆ భయం నాకెప్పుడూ కలగలేదు.

మా బావ వెంకటరాముడు కూడా అదే ఫిర్యాదుతో వచ్చాడు. మా అక్క లక్ష్మీదేవమ్మ భర్త. యాభై దాటిన మనిషి, పట్టుచీరలు నేస్తాడు. ఆయన మోపెడ్ విప్పి కార్బురేటర్ కడిగాను, ప్లగ్గు మార్చాను, గాలి పట్టి పంపాను. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చి అదే పాట. నాకు విసుగొస్తే నోరు ఆగదు.

"బండికి ఏ రోగమూ లేదు బావా. రోగం సీటు మీద కూర్చోనుండాది" అన్నాను.

ఎప్పుడూ ఇలాంటి మాటకు పెద్దగా నవ్వి నా వీపు మీద ఒకటి వేసేవాడు. ఆ రోజు నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"రంగప్పన్న ఇంకో పడుగు ఇయ్యనంటాండాడబ్బా" అన్నాడు.

రంగప్ప చీరల వ్యాపారి. మా బావకు పట్టూ జరీ ఇచ్చి చీరలు నేయించుకునేది ఆయనే. పడుగు అంటే మగ్గం నిండా బారుగా పరిచే దారాలు. ఒక పడుగు మీద కొన్ని చీరలు దిగుతాయి. అది అయిపోయేసరికి వ్యాపారి ఇంకో పడుగు ఇవ్వాలి. ఇవ్వకపోతే మగ్గం ఖాళీ. మా వీధిలో అలా ఖాళీ అయిన ఇళ్ళవాళ్ళు బెంగళూరు పోయి అపార్ట్‌మెంట్ల దగ్గర కాపలా కూర్చున్నారు. బావ నేత అంటే రంగప్పకు ఎంత గురో నాకు తెలుసు. అందుకే ఎందుకివ్వనన్నాడని అడిగాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

బావది గుంత మగ్గం. నేతగాడు గుంతలోకి కాళ్ళు దించి, వెనక ఒక చెక్క మీద కూర్చుంటాడు. నేసిన చీర చుట్టుకునే కర్ర సరిగ్గా ఒడిలోకి వస్తుంది. ఒకప్పుడు మగ్గం పైనుండి చీరలో పూలు తీసే జకార్డును బావ కాలితో తొక్కి ఎత్తేవాడు. అది చిన్న పని కాదు, సాయంత్రానికి పిక్కలు పట్టేసేవి. తరువాత దానికి మోటారు పెట్టించాడు. కాళ్ళకు సెలవు. కూతురు సాయిసుధ హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి చేరి, నాయన నడవలేకపోతున్నాడని ప్రేమగా ఈ మోపెడ్ కొనిచ్చింది. ఆ తరువాత కాళ్ళకు పూర్తిగా సెలవు. టీ తాగడానికి కూడా బండి మీదే. పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, పక్కన బజ్జీలు, రాత్రికి కుప్ప పోసిన అన్నం మాత్రం కాలితో తొక్కే రోజుల్లో ఎంతో ఇప్పుడూ అంతే. పొట్ట ముందుకు వచ్చింది, వచ్చి ఆ కర్రకు తగిలింది.

ఇంకెవరైనా అయితే పొట్ట తగ్గించుకోవాలనుకుంటారు. మా బావ చెక్క వెనక్కి జరిపాడు. ఎవరికీ చెప్పకుండా, తానే మేకులు కొట్టుకుని, జానెడు వెనక్కి జరిపాడు. కొన్నాళ్ళకు అదీ చాలలేదు, ఇంకొంచెం జరిపాడు. అక్కడి నుంచి చేతులు చాచి పేకను, అంటే అడ్డదారాన్ని, కొట్టాల్సి వచ్చింది. దూరం నుంచి కొట్టిన దెబ్బ ఒక చోట గట్టిగా, ఒక చోట వదులుగా పడుతుంది. రంగప్ప చీరను ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టుకుని చూపించాడట. నడుమ నడుమ పలచగా చారలు. ఈ పడుగు అయ్యేలోపు నేత కుదుటపడకపోతే ఇదే ఆఖరు అన్నాడట.

"బెంగళూరికి పోతే పోయేదే" అన్నాను, ఊరికే ఏం మాట్లాడాలో తోచక.

"మగ్గం లేకపోతే ఈ కాళ్ళు యాడ పెట్టుకోవాలబ్బా" అన్నాడు.

ఆ కాళ్ళతో బావ గుంతలోంచి లేవడం నేను చూశాను మరి. అక్క వచ్చి చెయ్యి ఇవ్వాలి. ఆమెకూ మోకాళ్ళ నొప్పులే. ఈయన బరువంతా ఆమె మీద వేసి లేస్తుంటే ఇద్దరూ కలిసి గుంతలో పడతారేమోనని నాకు భయమేసేది. పోయిన శ్రావణంలో పెనుకొండలో చుట్టాలింటి గృహప్రవేశానికి ఇద్దరూ ఆ మోపెడ్ మీదే పోయారు. ఎత్తు దగ్గర అది మూలిగి ఆగిపోతే దిగి నడిచింది అక్కే. బావ బండి మీదే కూర్చుని నెమ్మదిగా పోనిచ్చాడట. ఆ సంగతి అక్క ఇప్పటికీ మరిచిపోలేదు.

సాయిసుధ సెలవు పెట్టి నాయనను హిందూపురంలో డాక్టరుకు చూపించింది. డాక్టరు కొత్త విషయాలేమీ చెప్పలేదు. పరుగులు పెట్టొద్దు, మోకాళ్ళు పోతాయి. మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగంతో రోజూ అరగంటకు తగ్గకుండా నడవండి. రాత్రి అన్నం సగానికి తగ్గించండి. వారంలో ఒకరోజు విపరీతంగా చేసి మిగతా రోజులు పడుకుంటే లాభం లేదు, కొంచెమైనా రోజూ చేయాలి. బరువు నెమ్మదిగానే దిగుతుంది, తొందరపడితే మళ్ళీ ఎక్కుతుంది. ఇవన్నీ బావ బుద్ధిగా విని వచ్చాడు.

మరుసటి రోజు నుంచే నడక మొదలు పెట్టానని చెప్పాడు. ఎక్కడంటే కాలేజీ గ్రౌండులో. అంత దూరం ఎలా పోతున్నావంటే, బండి మీద. వస్తూ వస్తూ గ్రౌండు గేటు దగ్గర బండి ఆపి ఉగ్గాని, బజ్జీ. నడిస్తే ఆకలేస్తుంది కదా మరి. నేను అంగడిలో పని వదిలేసి ఆయన్ని నాలుగు తిట్లు తిట్టాను. నడవడానికి పెట్రోలు పోసుకునే మనిషిని నా జన్మలో చూడలేదన్నాను. ఇల్లు దాటితే వీధి లేదా, వీధిలో నడిస్తే ఎవరైనా కొడతారా అన్నాను. జనం చూస్తారబ్బా అన్నాడు సిగ్గుపడుతూ. మా అమ్మ కాలంలో పడుగు సరిచేయడానికి వీధి పొడుగునా నడిచేవాళ్ళు, అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కడిదని అడిగాను.

అంగడిలో ఎవరో వదిలేసి పోయిన పాత సైకిలు ఉంటే చైనూ టైర్లూ మార్చి ఆయన చేతికిచ్చాను. మోకాళ్ళ మీద బరువు పడదు, పెట్రోలూ అక్కర్లేదు. మోపెడ్ తాళం నా దగ్గరే పెట్టుకున్నాను. మొదటి వారం బావ నా మొహం చూడలేదు. గేటు దగ్గర చిన్న ఎత్తుకు కూడా దిగి తోసుకుంటూ పోయేవాడు. తరువాత తరువాత దిగకుండా దాటడం మొదలైంది. ఉగ్గాని ఉంది గానీ బజ్జీ పోయింది. రాత్రి అన్నం బదులు చిన్న రాగి ముద్ద. ప్యాంటు జారిపోతోందని బెల్టుకు కొత్త రంధ్రం పెట్టించుకోవడానికి నా దగ్గరికే వచ్చాడు. రంధ్రం నేనే కొట్టాను, మా ఇద్దరికీ అదొక పండుగ.

పడుగులో ఆఖరి చీర మిగిలింది. సంపెంగ రంగు, ఎవరిదో పెళ్ళి చీర. దానికి బావ చెక్కను సగం ముందుకు జరిపాడు. పొట్ట ఇంకా తగులుతూనే ఉంది, కర్ర ఒత్తుకుని ఎర్రగా చార పడింది. అయినా ఓర్చుకుని నేశాడు. నేను పోయి చీరను వెలుతురుకు పట్టి చూశాను. చివరి నుంచి చివరికి ఒకే తీరు. మా బావ పాత నేత.

ఆ చీర తీసుకుని రంగప్ప అంగడికి బయలుదేరాడు. మా నేతగాళ్ళకు ఒక పట్టింపు ఉంది. చీర లక్ష్మి. మనిషి కూర్చునే చోట పెట్టరు, కాళ్ళు తగిలే చోట పెట్టరు. అందుకని బావ సైకిలు క్యారియరు మీద కట్టలేదు. ఎప్పటిలాగే పాత పంచెలో చుట్టి, పసిబిడ్డను కట్టుకున్నట్టు గుండెకు కట్టుకున్నాడు. మోపెడ్ మీద పోయే రోజుల్లో ఎప్పుడూ ఏమీ కాలేదు. ఒళ్ళు కదలదు, ఎదురుగాలి. సైకిలు తొక్కితే ఒళ్ళు కాగుతుందని, ఎండాకాలం అని, ఆ సంగతి ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

రంగప్ప ముందు మూట విప్పాక చూసుకున్నాడట. కొంగు మడత మీద చెమట దిగి అరచేయంత మరక. జరీ కూడా అక్కడ మసకబారింది. రంగప్ప చీర మొత్తం పరిచి, వెలుతురుకు పట్టి, అటు నుంచి ఇటు చూశాడు. ఎట్ల వచ్చినావని అడిగాడు. సైకిలు మీద అని చెప్పాడు బావ. ఎందుకని అడిగితే చెక్క సంగతి మొదలుకుని అంతా చెప్పేశాడట, దాచడానికి ఇంకేముందని.

రంగప్ప చీర అంచు వేళ్ళతో తడిమి చూశాడు.

"నేత కుదిరింది రాముడూ. ఈ చీరకు కూలి ఇయ్యలేను. పడుగు మాత్రం తీసకపో" అన్నాడు.

అంత కష్టపడి నేసిన చీర కూలి పోయింది. అయినా పడుగు దక్కిందని బావ ఇంటికి వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అక్క తిన్నగా నా అంగడికి వచ్చి నన్ను కడిగేసింది. సైకిలు ఇచ్చింది నేనే కదా. చెమట పట్టకుండా బరువు తగ్గే మార్గం మీ డాక్టరు చెప్పలేదా అని అడిగింది. తిట్టడం అయ్యాక స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళు రుద్దుకుంటూ తానే దారి చెప్పింది.

"చీర నేను పట్టుకుంటా. ఇద్దరం నడిచి పోతాం, పొద్దున చల్లగా ఉన్నప్పుడు."

రంగప్ప అంగడి వాళ్ళింటికి అంత దగ్గరేమీ కాదు. ఆమె మోకాళ్ళకు ఇది కుదిరే పని కాదనుకున్నాను. కానీ చీర లేని రోజున కూడా అలవాటు పడటానికి ఇద్దరూ బయలుదేరడం మొదలుపెట్టారు. గేటు దాటి, కొంత దూరం పోయి, ఎక్కడైనా అరుగు మీద కూర్చుని, వెనక్కి వచ్చేవాళ్ళు. పోను పోను అరుగు మీద కూర్చోవడం తగ్గింది.

నేను అంగడి తెరిచే వేళకు నా ముందు నుంచే పోయేవాళ్ళు. మాటలే మాటలు. ఎక్కువగా అక్కే మాట్లాడేది, బావ తలూపేవాడు, ఉన్నట్టుండి ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఇది నాకు వింతగా ఉండేది. వాళ్ళింట్లో నేనెప్పుడూ అన్ని మాటలు వినలేదు. పొద్దున మొదలైతే మోటారు చప్పుడు, జకార్డు చప్పుడు, ఆయన గుంతలో, ఆమె పక్కన కండెలకు దారం చుడుతూ. ఏదైనా కావాలంటే చెయ్యి ఊపడమే. పెళ్ళయినప్పటి నుంచీ వాళ్ళ కాపురం ఆ చప్పుడులోనే గడిచింది. పడుగు దక్కించుకోవడానికి మొదలుపెట్టిన నడక ఇంకేదో కూడా తెచ్చిపెట్టిందని నాకు అర్థమైంది. ఒకరోజు బావను అడిగాను, బరువు ఎంత తగ్గావని.

"తూకం చూసుకోలేదబ్బా. మీ అక్కకు ఇన్ని మాటలు వస్తాయని మాత్రం ఇప్పుడే తెలిసింది" అన్నాడు.

మోపెడ్ తాళం తిరిగి ఇచ్చేశాను. దూరం పోవాల్సి వస్తే తీస్తాడు. పెట్రోలు తాగుతోందన్న ఫిర్యాదు మళ్ళీ రాలేదు.

మొన్న కబురు పెట్టాడు, సుత్తీ పట్టకారూ తెమ్మని. పోయి చూస్తే చెక్కను పూర్తిగా పాత చోటికి జరపాలట. మేకులు పీకాను. పాత చోట వాళ్ళ నాయన కాలం నాటి మేకుల రంధ్రాలు అలాగే ఉన్నాయి. వాటిలోనే మళ్ళీ కొట్టాను. బావ దిగి కూర్చున్నాడు. పొట్టకూ కర్రకూ మధ్య నాలుగు వేళ్ళు పెట్టి నాకు చూపించాడు. తరువాత మోటారు వేసి నేయడం మొదలుపెట్టాడు. చేతులు చాచనక్కర లేదు, మోచేతులు ఒంటిని ఆనుకునే ఉన్నాయి. దెబ్బ దెబ్బకూ ఒకే చప్పుడు. నేను అక్కడే గోడకు ఆనుకుని వింటూ ఉండిపోయాను.

భోజనానికి పిలిచింది అక్క. బావ మోటారు ఆపి, గుంత అంచు మీద రెండు చేతులూ ఆనించి, ఎవరి సాయం లేకుండా సగం లేచాడు. సరిగ్గా అప్పుడే అక్క లోపలి నుంచి తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, ఎప్పటి అలవాటు కొద్దీ చెయ్యి చాచింది.

బావ ఆ చేతిని చూశాడు. లేచినవాడు మళ్ళీ చెక్క మీద కూర్చున్నాడు. కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని లేచాడు.

"ఇప్పుడేం బరువుండావు నువ్వు" అంది అక్క.

నేను సుత్తి తీసుకుని బయటికి వచ్చేశాను.