సన్మానంలో గరిటెలు

ఉదయగిరి చెక్క గరిటె కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందులో చెక్కినవాళ్ళ తప్పేమీ లేదు.

ఆ సాయంత్రం ఉదయగిరిలో ఆత్మకూరు బస్సెక్కాను. పక్క సీట్లో ముప్పై ఏళ్ళ అమ్మాయి. ఒళ్ళో కొత్త శాలువా, దాని మీద రంగు రిబ్బను కట్టిన గరిటెలు.

"ఏం పాపా, గరిటెలు కొన్నావా?" అన్నాను.

"కొనలేదక్కా, ఇప్పుడే సన్మానంలో ఇచ్చినారు. ఇండియా టీంలో హాకీ ఆడినాను. మోకాలు పోయినాక మానుకొని ఇంటికొచ్చినాను."

"హాకీ ఆడితే గరిటెలిచ్చేదేంది?"

"ఆడింది చాల్లే, ఇంగ వంట నేర్చుకో అని మైకులో చెప్పి మరీ ఇచ్చినాడు సన్మానం చేసిన పెద్దమనిషి. అందరూ నవ్వి చప్పట్లు కొట్టినారు. మా నాయన కూడా."

ఇంతలో మలుపులో బస్సు ఊగి, నా సంచిలోంచి నిమ్మకాయ ఒకటి జారి సీట్ల మధ్య దొర్లింది. ఆ అమ్మాయి లేవకుండానే ఒక గరిటె లాగి, వంగి, దొర్లే కాయను టక్కున ఆపి, సరిగ్గా నా కాలి దగ్గరికి కొట్టింది. గరిటెను మళ్ళీ కట్టలో దోపి కిటికీ వైపు తిరిగింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కడైనా ఆమె ఆట చూశాడా?

ఆత్మకూరులో ఆమె దిగాక కండక్టర్ అరిచాడు. "అమ్మా, గరిటెలు మర్చిపోయినావు!"

"మర్చిపోలేదన్నా. ఉదయగిరిలో ఆ సన్మానం చేసినాయనకి ఇచ్చెయ్యి. వంట నేర్చుకోమన్నానని చెప్పు."