ఆకులు దంచే దెల్ఫీనా, జబ్బే లేని అనిసేతో

అసున్సియోన్ నగరంలో నాలుగో నంబరు మార్కెట్లో నా బెల్టుల దుకాణం పక్కనే దెల్ఫీనా ఆకుల బల్ల. ముప్పై ఏళ్లుగా అదే రోలు, అదే రోకలి. అడిగిన ఆకు ఇచ్చే అలవాటు ఆవిడకు లేదు. తలనొప్పికి పుదీనా దంచమంటే మనిషిని ఎగాదిగా చూసి, "తలకేం కాలేదు, రాత్రి ఆ పందికొవ్వు ఎవరు తినమన్నారు?" అని కసిరి, కడుపుకు పనికొచ్చే ఆకు దంచి మేం చల్లగా తాగే ఆకుపానీయం తెరెరే చెంబులో, ఐసునీళ్ళలో పడేస్తుంది. నాకు ఒళ్ళు మండేది. కడుపు మాత్రం కుదుటపడేది.

దెల్ఫీనా మొగుడు పోయి పన్నెండేళ్లు. ఊరందరి ఒంట్లో సంగతులూ అడిగే మనిషిని, నీకెలా ఉందని అడిగినవాళ్ళు లేరు. నేనూ అడగలేదు.

కత్తులు సానపట్టే అనిసేతో నిరుడు ఆవిడ బల్ల దగ్గరికి రోజుకో జబ్బు చెప్పుకుంటూ రావడం మొదలుపెట్టాడు. సోమవారం మూత్రపిండాలు, మంగళవారం కాలేయం, బుధవారం మోకాలు. చూస్తే రాయిలా ఉంటాడు. ఒకరోజు జబ్బులు నిండుకున్నాయి. కంగారులో బల్లమీద ఆకుకట్టకి ఏ జబ్బుకో రాసి పెట్టిన చీటీ ఒకటి చూసి చదివేశాడు.

"నెలసరి నొప్పులండీ."

మార్కెట్టంతా పొట్ట పట్టుకుని నవ్వింది. దెల్ఫీనా నవ్వలేదు. "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగి మరీ దంచి ఇచ్చింది. ఆయన గుటకలు వేస్తూ తాగాడు.

మర్నాడు తెరెరే పోసే పని ఆయనదే. అందరికీ ఉన్న ఒక్క కొమ్ముగ్లాసునీ నింపి ఒక్కొక్కరికీ తిప్పుతూ, దెల్ఫీనా వంతు రాగానే అనేశాడు.

"ఇక చెప్పుకోడానికి జబ్బుల్లేవు దెల్ఫీనాగారూ. పెళ్ళి చేసుకుందామా?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. గబగబా తాగేసి, గ్లాసు తిరిగిస్తూ, "థాంక్సండీ" అంది.

గ్లాసు తిరిగిస్తూ ఆ మాట అంటే మా దగ్గర ఒకటే అర్థం: చాలు, నాకిక పోయొద్దు. ఇంకా కావలసినవాళ్ళు నోరు మూసుకుని ఇస్తారు. అనిసేతో గ్లాసు కింద పెట్టేశాడు. సానబండి తోసుకుని వెళ్ళిపోయాడు.

"ఏం పోయేకాలమే నీకు! ఇష్టం లేదా?" అన్నాను.

"ఇష్టమయ్యే అన్నానక్కా, చేతిలో గ్లాసుందని మరిచిపోయి!" అని భోరుమంది.

మూడు రోజులు ఆయన జాడ లేదు. ఆ మూడు రోజులూ దెల్ఫీనా చేతిలో మార్కెట్టు నానా యాతన పడింది. మలబద్ధకం అన్న కసాయికి విరేచనాలు కట్టే ఆకు దంచిపోసింది. "పగబట్టావా తల్లీ!" అని వాడు ఏడ్చాడు.

నాలుగోరోజు చెంబూ గ్లాసూ పట్టుకుని కదిలింది. దుకాణం గాలికొదిలేసి నేనూ వెంటపడ్డాను. బస్టాండు దగ్గర దొరికాడు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, మాట్లాడకుండా పోసింది. ఆయన తాగి, మాట్లాడకుండా ఇచ్చాడు. మళ్ళీ పోసింది. మళ్ళీ ఇచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పన్నెండో గ్లాసుకి ఆయన మోకాళ్ళు దగ్గరపెట్టుకుని ఊగడం మొదలెట్టాడు. చెంబులోకి తొంగిచూశాను. కంగారులో ఈ మహాతల్లి దంచింది ఒంటేలు ఆగనివ్వని ఆకు!

చివరికి లేచి పరుగందుకున్నాడు. పాయిఖానా దాకా అరుస్తూనే ఉన్నాడు.

"చాలనలేదు! బాబూ, మీరంతా సాక్షులు, నేను చాలనలేదు! పోసి ఉంచవే దెల్ఫీనా!"

ఆవిడ గ్లాసు నిండా పోసి, రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఎండకి నాలుక పిడచకట్టి ఒక్క గుక్క అడిగితే, నాకు ఇవ్వలేదు.