ఉల్లి బొమ్మ, చెరుకు గడలు

బోధన్ దగ్గర మా బడి పిల్లల కోసం కంప్యూటర్‌లో పదాల ఆట తయారుచేశాను. బొమ్మ చూసి గళ్లలో పేరు నింపాలి. గెలిచిన జట్టుకు బహుమతిగా చెరుకు మోపు మధ్యలో పెట్టాను. అది ఆయుధమని తట్టలేదు.

ఉల్లి బొమ్మకు స్వప్న ‘ఉల్లిగడ్డ’ అని నింపింది. పుస్తకంలో ఉన్నట్టు నేను ‘ఉల్లిపాయ’ ఒక్కటే ఎక్కించడంతో కంప్యూటర్ ‘తప్పు’ అంది. రెండో జట్టు పగలబడి నవ్వింది.

“మీ అవ్వ ఇంట్ల ఏమంటదిరా?” అంటూ స్వప్న గడ లాగింది. క్షణంలో కురుక్షేత్రం. ముక్కులు పగిలాయి. అడ్డం వెళ్లిన నా తల గుమ్మడికాయలా పగిలి, చెరుకు రసంతో కలిసి నా రక్తం మంజీర దాకా పారింది.

తలకు కట్టు కడుతుంటే స్వప్న సగం గడతో వచ్చి నిలబడింది.

“సార్, ఇప్పుడన్నా చెప్పుండ్రి. మాది తప్పా?”

“కాదు బిడ్డా, కరెక్టే.”

భయపడే అన్నాను. కానీ నిజమే. మా ఇంట్లో నేనూ ఉల్లిగడ్డే అంటాను.