అవ్వ పరిచిన ఉన్ని

అక్కలందరికీ,

నా రాతలో తప్పులుంటాయి, అక్షరాలు వంకర పోతాయి. ఐదో తరగతితో బడి ఆగిపోయింది, ఏమనుకోకండి. ఇన్నాళ్ళూ మన ఉన్ని పని వాట్సాప్ గ్రూపులో నేను ఒక్క మాటా పెట్టలేదు. ఇప్పుడు అవ్వ పోయింది కాబట్టి ఈ కాగితం మీద రాస్తున్నాను. మీలో చాలామంది అవ్వ పోయిన రోజు వచ్చారు. కొత్తగా చేరినవాళ్ళకు అవ్వ ఎవరో తెలియదు. ఆదివారం అందరూ కలిసినప్పుడు ఎవరైనా దీన్ని చదివి వినిపించండి.

అల్మాస్‌గూడలో మేం కిరాయికి ఉండే ఇంటి వెనక, రేకుల గదిలో అవ్వ ఒక్కతే ఉండేది. నల్గొండ దిక్కు గొర్లు కాసే ఇంటి మనిషి. గొంగళ్ళు నేయగా మిగిలిన పొట్టి ఉన్నిని వాళ్ళింట్లో పారేసేవాళ్ళు కాదట. దువ్వి, పొరలుగా పరిచి, వేడి కుంకుడు రసం చల్లి, చాపలో చుట్టి దొర్లిస్తే ఉన్నికి ఉన్ని పట్టుకుని పరుపులా బిగుసుకుంటుంది. నేత లేదు, కుట్టు లేదు. మనం ఫెల్టింగ్ అని నేర్చుకున్నది అవ్వకు పుట్టింటి పని.

పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను నీళ్ళ ట్యాంకర్ అబ్బాయితో కూడా మాట్లాడేదాన్ని కాదు. అవ్వ నవ్వేది. "నువ్వు సల్లనీళ్ళల్ల ఏసిన ఉన్ని లెక్కున్నవ్ బిడ్డా. దేనికీ అంటవు. జర ఏడి తగలాలె నీకు." దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్ని పని చేసే ఆడవాళ్ళు కలుస్తారని నేను ఫోన్‌లో చూపిస్తే, నన్ను చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

మొదటి రోజు మీకు గుర్తుందో లేదో. అవ్వ మూట విప్పితే నల్ల ఉన్ని వాసన మనం కలిసే ఇంటి హాలంతా పరుచుకుంది. ఆ ఇంటి అక్క ముక్కు దగ్గర పమిట పెట్టుకుంది. "బామ్మగారూ, ఏంటండీ ఈ వాసన! మేం వాడేది ఫారిన్ ఉన్నండీ."

అవ్వ ఆ తెల్లటి మెత్తటి ఉన్నిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "మంచిగుంది తల్లీ. గొర్రెనే మర్చిపోయింది."

అందరూ నవ్వారు. అవ్వ కింద కూర్చుంది. మీరు సోఫాల్లో కూర్చున్నారు. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు వచ్చినా అట్లనే.

చిన్న బొమ్మలు సూదితో పొడిచి ఎవరికి వారు చేసుకోవచ్చు. పెద్ద పని అట్ల కాదు. చాలా చేతులు ఒక్కసారే పడాలి. మీలో ఎవరు శాలువా పరిచినా అవ్వకు కబురు వచ్చేది. పాత చీరలో రోకలి చుట్టుకుని షేర్ ఆటో ఎక్కేది, నన్ను వెంటేసుకుని. ఉన్నిని చుట్టి దొర్లించడానికి ఆ రోకలి. ఒకసారి మీర్‌పేట్ దగ్గర డ్రైవర్ అడిగాడు, "అవ్వా, రోకలి పట్టుకోని ఎవల్ని కొట్టబోతున్నవ్?"

"నా మొగుణ్ణి. పైకి పోయిండు. నీ ఆటో ఆడిదాక పోతదా?"

ఆటో అంతా నవ్వింది. అవ్వ నవ్వలేదు, బయటికి చూస్తూ కూర్చుంది.

నీళ్ళ వేడి మోచేత్తో చూసేది. మోచేతులదాకా నానిపోయి చర్మం ముడతలు పడ్డా లేచేది కాదు. ఎల్బీనగర్ అక్క గులాబీరంగు శాలువాకు అవ్వ చేతులు బొబ్బలెక్కాయి. గ్రూపులో పెట్టిన మొదటి ఫోటోలో అంచున ఆ చేతులు పడ్డాయి. తర్వాత ఫోటో మార్చారు, అందులో చేతులు లేవు. అవ్వకు చదవడం రాదు కనక నన్ను అడిగేది, "ఏమన్నరు?" బాగుందన్నారని చెప్పేదాన్ని. "మంచిగైంది" అని పడుకునేది.

ప్రతి ఇంటినుంచీ మిగిలిన రంగు ఉన్ని కొంచెం అడిగి తెచ్చుకునేది. మీకు ఎందుకో తెలియదు. మొన్న ఎండల్లో తన గది నేలంతా నల్ల ఉన్ని పరిచింది, గోడ నుంచి గోడదాకా. మధ్యలో మీ రంగులు పెట్టింది, ఒక్కొక్కరిది ఒక్కొక్క చోట. ఎల్బీనగర్ అక్క గులాబీ ఇక్కడ, హాలున్న అక్క పసుపు అక్కడ. "గిది అయినంక అందరం కిందనే కూసుందాం" అంది.

నా ఫోన్‌లోంచి గ్రూపుకు తన గొంతుతో పంపింది. "బిడ్డలారా, ఐతారం పొద్దుగాల రాండ్రి. పరుపు దొర్లియ్యాలె. తినేది నేను వండిపెడ్త." మీరంతా ఎర్ర గుండె బొమ్మలు పెట్టారు.

"గీ ఎర్రటియేంది?"

"ఇష్టమని అర్థం అవ్వా."

"అయితే వస్తరు."

ఆ ఆదివారం పప్పూ, పచ్చిపులుసూ చేసి గడప మీద కూర్చుంది. ఎవరూ రాలేదు. కొడుకుకు కోచింగ్ అని ఒకరు, ఎండ అని ఒకరు, ఆ వైపు ఆటోలు దొరకవని ఒకరు. మనిద్దరం చేద్దాం అవ్వా అన్నాను. "ఇద్దరితోని కాదు. అంచులు బిగుస్తయ్, నడుమ చినుగుతది." పక్కింటివాళ్ళను పిలవనా అంటే ఒప్పుకోలేదు. "గిది ఆళ్ళది. ఆళ్ళ చేతులే పడాలె."

పొడి ఉన్ని గాలికి ఎగురుతుంది. అందుకని ఫ్యాన్ వేయలేదు. పిల్లి వస్తుందని తలుపు తీయలేదు. రేకుల కింద, గోడకు ఆనుకుని, ఉన్ని తొక్కకుండా కాళ్ళు ముడుచుకుని పడుకునేది. మా ఇంట్లో పడుకో అని ఏడ్చినంత పని చేశాను. "వస్తరు తియ్. ఇయ్యాల కాకుంటే రేపు." అంతకుముందు నాకెప్పుడూ చెప్పేది, ఉన్ని ఒక్కపారి పట్టుకుంటే ఇడువది, మనుషులే ఇడుస్తరు అని. తన విషయంలో మాత్రం ఆ మాట మర్చిపోయింది.

వడదెబ్బ అన్నారు దవాఖానలో.

శవాన్ని పండబెట్టడానికి నేల కావాలి కదా. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు చీపురుతో ఉన్ని ఊడ్చి బియ్యం సంచిలో కుక్కారు. నలుపూ గులాబీ పసుపూ అన్నీ ఒకటే ముద్ద. దాన్ని చెత్త బండిలో వేశారు. ఎవరో ఫ్యాన్ కూడా వేశారు.

అప్పుడు మీరు వచ్చారు. అందరూ వచ్చారు. ఆటోలు దొరికాయి. గదిలో పట్టక సగం మంది బయట నిలబడ్డారు. ఆ చేతులు చాలేవి, ఇంకా మిగిలేవి. ఒక అక్క కళ్ళు తుడుచుకుంటూ, "ఒక్క మాట చెబితే వచ్చేవాళ్ళం కదండీ" అంది. ఇప్పుడు చెబుతున్నాను. పిలిచింది అక్కా. గొంతుతో పిలిచింది. అది ఇంకా గ్రూపులోనే ఉంది, పైకి జరిపితే వినబడుతుంది.

నాకు పని నేర్పింది అవ్వ, మీ మధ్యకు తెచ్చింది అవ్వ. ఆమె లేకుండా అక్కడికి రాలేను.

మీరు వెళ్తుంటే గేటు దగ్గర నిలబడి చూశాను. చీపురుకు అందని ఉన్ని మీ చీరల అంచులకు అంటుకుని ఉంది. ఒక్కరూ చూసుకోలేదు. ఆటో ఎక్కేటప్పుడు కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకున్నారు, నల్ల పోగులు మీ కాళ్ళ దగ్గర ఊగుతూ మీతోపాటే పోయాయి.

చదవడం అయ్యాక దీన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టకండి, మళ్ళీ ఎర్ర గుండెలు వద్దు. గ్యాస్ మంట మీద పెట్టి కాల్చేయండి.