స్వామివారు ఆరగించిన పెసరట్టు

అరవైల మొదట్లో నేను ముసునూరు కోడలిగా వచ్చాను. మామగారు గుళ్లో అర్చకులు. ఇంటి వంటా, స్వామి నైవేద్యమూ రెండూ అత్తగారి చేతి మీదే. తను వండింది తప్ప ఆవిడ ఇంకొకరి వంట ముట్టరు. ఒక్క ప్రసాదానికే మినహాయింపు. దేవుడు ఆరగించాక దానికి అంటుగానీ ఎంగిలిగానీ ఉండవని ఆవిడ సిద్ధాంతం.

ఆ వేసవిలో తొలి కోత రసాలు బుట్టకెత్తుకుని ఇద్దరం చిన్న తిరుపతి వెళ్లాం. దారంతా ఆవిడకు మామిడిపండే భోజనం. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారినప్పుడూ అదే, కొండ కింద దిగాకా అదే. దర్శనమయ్యాక పులిహోర దొన్నె అందుకుని, "పోపులో ఇంగువ మర్చిపోయారే" అని నిట్టూర్చారు. ఇక బస్సెక్కడమే అనుకున్నాను.

"ఊరు చూద్దాం పదవే" అన్నారు.

ఊరంటే హోటళ్లన్నమాట. ప్రతి గుమ్మం ముందూ కొంగు సర్దుకునే నెపంతో ఆగి, వాసన చూసి తీర్పు చెప్పేవారు. "ఈ సాంబారు నిన్నటిది." "వీడి గారెల పప్పు నానలేదు." అరికాళ్లు కాలుతున్నా నాకు నవ్వాగలేదు. ఒక పాక హోటలు దగ్గర మాత్రం తీర్పు రాలేదు. పెనం మీద పెసరట్టు వేగుతోంది. ఆవిడ కదల్లేదు.

"ఇంటికెళ్లి వేసుకోవచ్చు కదండీ అత్తయ్యగారూ!"

"వేసేది నేనే కదే. ఒక్కసారి ఎవరైనా వేసి పెడితే, కూచుని వేడివేడిగా తినాలనుంది."

అంటూనే ఆవిడ లోపలికి వెళ్లి, గోడ మీది వెంకటేశ్వరస్వామి పటం చూసి, యజమానిని పిలిచారు.

"బాబూ, పెనం కడిగి, ఉల్లిపాయ పడకుండా ఒకటి వెయ్యి. స్వామికి నైవేద్యం పెట్టాలి."

"అలాగేనండీ. ఇదే ఆఖరి పిండండీ" అన్నాడతను. క్షేత్రంలో హోటలు నడిపేవాడు కదా, ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

స్వామి ఆరగిస్తుంటే ఎవరూ చూడకూడదని నాచేత తువ్వాలు తెరగా పట్టించారు. నోట్లో ఇడ్లీ ఉన్నవాళ్లు నమలడం ఆపేశారు. పటం దగ్గరి గంట మోగింది, కర్పూరం వెలిగింది. హోటలంతా లేచి నిలబడి "గోవిందా" అంది. తెర దించేసరికి నా ఎదురుగా జనం వరస కట్టి ఉన్నారు.

గుండ్లు కొట్టించుకున్న కుటుంబం మొత్తం చేతులు చాచింది. వెనక లారీ డ్రైవరు. ఆవిడ తుంచి పెడుతూనే ఉన్నారు.

"మీకు కాస్త ఉంచుకోండి" అని గొణిగాను.

"చాచిన చేతికి ప్రసాదం లేదంటే కళ్లు పోతాయే!"

అట్టు తరిగి అరచేతంత మిగిలింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. చివరి ముక్క ఆవిడ కళ్లకద్దుకోబోతుండగా, చేతులు తుడుచుకుంటూ యజమానే వచ్చి దోసిలి పట్టాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, పెట్టేశారు.

అతను కళ్లు మూసుకుని నమిలాడు. "ఏం రుచండీ అమ్మగారూ! నా జన్మలో ఇలాంటి పెసరట్టు తినలేదండీ!"

అత్తగారు ఖాళీ ఆకు పట్టుకుని ఆత్రంగా అతని వైపు వంగారు.

"అంచులు కరకరలాడాయా బాబూ? అల్లం తగిలిందా?"