రాళ్ళు అందించిన చేతులు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. చింతామణిలో మాకు హార్డ్‌వేర్ అంగడి. మేకులూ సిమెంటూ అమ్ముకునేవాడికి కంటికి కనిపించని సరుకుతో పనేముంటుంది? ఎవరైనా గాలి సోకిందని చెబితే ఎకసెక్కం చేసే రకం నేను. ఇది చదివి మీరు నన్ను ఎకసెక్కం చేసినా నొచ్చుకోను.

కైవార పక్కన ఒక కొండ ఉంది. ఈమధ్య బెంగళూరు నుంచి ట్రెక్కింగ్‌కు వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. వానకు దారి కోసుకుపోవడం, ఎవరో ఒకరు జారిపడడం మామూలైపోయింది. అందుకని మేం కొందరం అనుమతి తీసుకుని ఆదివారాలు ఆ దారి బాగుచేస్తున్నాం. పొదలు కొడతాం, నీళ్ళు పక్కకు పోయేలా అడ్డరాళ్ళు వేస్తాం, ఏటవాలు ఉన్నచోట మెట్లు కడతాం. కూలి లేదు. టిఫిన్ మాత్రం ఉంటుంది.

ఆ రోజు మా బావ మురళి, అంటే మా చెల్లెలు పద్మ మొగుడు, మొదటిసారి వచ్చాడు. రమ్మని వెంటపడింది నేనే. హోటల్లో ఇడ్లీలు తింటూ అందరి ముందూ అతని పొట్ట మీద జోకు వేశాను. "నువ్వు కొండెక్కేది కాదులే బావా, కొండే నిన్ను మోయల్ల" అన్నాను. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. నాకూ మొండితనం ఎక్కువే, నేనూ మాట్లాడలేదు.

ఆ రోజు మెట్ల పని. పైన మేస్త్రి నంజుండప్ప రాళ్ళు పేరుస్తాడు. కింద కుప్ప నుంచి ఆయన దాకా రాయి చేతులు మారుతూ పోవాలి. కుప్ప దగ్గర ఇద్దరు, వాళ్ళ పైన బాగేపల్లి నుంచి వచ్చే సుమిత్ర టీచరమ్మ, ఆమె పైన బావ, ఆ పైన నేను. నంజుండప్పతో కలిపి ఆరుగురం. ఇచ్చేవాడు "పట్టు" అనాలి. తీసుకునేవాడు "ఊఁ" అన్నాకే వదలాలి. ఇది నంజుండప్ప పెట్టిన కట్టుబాటు. ఒక్కో మెట్టు కుదరగానే ఆయన లెక్క గట్టిగా అరిచి చెబుతాడు.

బావ ఒక బండ కింద నిలుచున్నాడు. నేను బండ మీద నుంచి వంగి చేతులు చాపితే కింది నుంచి అతని చేతులు రాయితో పైకి వచ్చేవి. మొహం కనిపించదు. టీచరమ్మకూ అంతే. ఆమె తలపైకి ఎత్తి ఇస్తే పైనుంచి చేతులు అందుకునేవి. పైగా కార్తీకమాసపు మంచు, బారెడు దూరంలో ఏముందో తెలియదు. అందరివీ మా అంగడి పసుపు గ్లౌజులే.

మొదట్లో బావ ముభావంగా "పట్టు" అన్నాడు. కాసేపటికి అదీ మానేశాడు. రాయి వచ్చేది, నేను ఊఁ అనేవాణ్ణి, చేతులు వదిలేవి. అలక ఇంకా తీరలేదనుకున్నాను. ఏమైందని ఒక్క మాట అడగొచ్చు. అడిగితే నేను తగ్గినట్టవుతుందని అడగలేదు. ఉన్నమాట చెప్పాలంటే, రాళ్ళు ముందుకంటే ఒద్దికగా వచ్చాయి. ఎక్కడా ఆగలేదు.

ఎనిమిదీ ఇరవైకి నంజుండప్ప టీకి ఆపమన్నాడు. నేను బండ మీద నుంచి తొంగిచూసి "రా బావా" అన్నాను. అక్కడ ఎవరూ లేరు.

"యాడ పోయినాడప్పా? ఇప్పుడే కదా ఆయన చేతికి రాయిచ్చింది" అంది టీచరమ్మ.

ఒంటేలుకు పోయాడేమో అనుకుని సంచీలోంచి, సైలెంట్‌లో ఉన్న ఫోను తీశాను. బావవి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. మొదటిది ఏడూ యాభైకి.

తిరిగి చేస్తే, మోత పక్కనున్న సందులోంచి వచ్చింది. రెండు బండల మధ్య, పొదల కింద, రెండాళ్ళ లోతున పడి ఉన్నాడు. ఎడమచేతికి గ్లౌజు అలాగే ఉంది. కుడిది ఫోను నొక్కడానికి తీసి పక్కన పెట్టుకున్నాడు. కాలు విరిగి, నెత్తురు పోయి, ఒళ్ళు చల్లబడిపోయింది. పొదలు నరికి, తాడు వేసి పైకి లాగి, దుప్పటిలో మోసుకుని రోడ్డుకు చేర్చాం. ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నాడు డాక్టరు. అరగంట నేను రాళ్ళు అందుకుంటూ గడిపాను.

నంజుండప్ప "రెండయినాయి" అని అరిచింది విన్నాననీ, ఆ వెంటనే కాలు జారిందనీ బావ చెప్పాడు. వారం తర్వాత నేనూ నంజుండప్పా వెళ్ళి చూశాం. ఆ రోజు కట్టిన మెట్లు అక్కడ ఐదు ఉన్నాయి.

"నేనే పెట్టినాను గదప్పా, నీ చేతిలోంచి తీసుకోని" అన్నాడు ఆయన. వంగి మెట్లు మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

పశువులు మేపుకునేవాళ్ళు ఎవరైనా మధ్యలో నిలబడ్డారేమో అని విచారించాను. ఆ పొద్దు మంచులో ఎవరూ కొండెక్కలేదు. కుప్ప దగ్గరున్న ఇద్దరూ కదల్లేదని టీచరమ్మ సాక్ష్యం. మంచులో నేనొక్కణ్ణే భ్రమపడ్డానని సరిపెట్టుకుందామంటే, ఆమె కూడా చేతులకే ఇచ్చానంటోంది. ఆ మెట్లు ఎక్కి జనం ఇప్పటికీ పోతున్నారు.

ఆసుపత్రిలో బావ ఇంకో మాటన్నాడు. "పిలిచి పిలిచి గొంతు పోయింది బావా. నీ గొంతు నాకు వినపడతానే ఉండాది." నాకు మాత్రం ఏమీ వినపడలేదు. ఒట్టు వేశాను. ఆయన తలూపి ఊరుకున్నాడు.

పద్మ ఊరుకోలేదు. "పొద్దున్నే ఇద్దరూ కోపంగా ఉంటిరంట. వినపడి కూడా పోలేదా అన్నా?" అంది.

రాళ్ళు వస్తూనే ఉన్నాయి, అందుకే చూడలేదమ్మా అన్నాను.

"ఎవురిచ్చిరి?" అంది.

బావ ఇప్పుడు కొంచెం కుంటుతూ నడుస్తాడు, నాతో మామూలుగానే ఉంటాడు. వాళ్ళింటికి పోతే పద్మ కాఫీ ఇస్తుంది, అన్నం పెడుతుంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, కానీ నా మొహంలోకి నేరుగా చూడదు. చూడాలంటే, ఆ రాళ్ళు ఎవరిచ్చారో నేను తనకు ఒక పేరు చెప్పాలి. ఎంత ఆలోచించినా నా దగ్గర ఏ పేరూ లేదు.